పడుగు వీధిలో కట్టిన వేదిక

నాటకమో పాటో పట్టుకుని బస్తీల్లోకి వెళ్ళే పిల్లలు ఇప్పటికీ అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. మీరు చేసిన పనుల్లో బాగా కుదిరింది ఏదో చెప్పమంటారు. కుదిరిన పనుల గురించి చెప్పడానికి నా దగ్గర పెద్దగా ఏమీ లేదు. అవి కుదిరినప్పుడు అందరం సంతోషంగా ఉన్నాం, అంతకు మించి గుర్తు లేదు. చెడిన పని మాత్రం బాగా గుర్తుంది. అది నల్లగొండలో, ఒక నేతగాళ్ళ వాడలో జరిగింది. చెడగొట్టింది నేనే. అందుకని అడిగినవాళ్ళకు అదే చెబుతుంటాను.

ఆ వీధి నాకెప్పుడూ పొద్దుటి పూటే గుర్తొస్తుంది. గుట్ట వెనక నుంచి వెలుగు ఇంకా పూర్తిగా రాదు. ఇళ్ళ ముందు పొయ్యిల మీద గంజి ఉడుకుతుంటుంది. ఆ ఆవిరీ చలికాలపు మంచూ కలిసిపోయి వీధంతా తెల్లగా తేలుతుంటుంది. ఆ తెలుపులో, మనిషి నడుమెత్తున, వీధి ఈ కొసనుంచి ఆ కొసదాకా ఎర్రటి నూలుపోగులు గాలిలో పరిచినట్టు కనబడతాయి. వాటికి అటొకరు ఇటొకరు నిలబడి, పెద్ద కుంచెలతో దువ్వుతూ, మాట్లాడకుండా నడుస్తుంటారు. కాళ్ళు మంచులో కనిపించవు. మనుషులు కూడా తేలుతున్నట్టే ఉంటుంది. కలలో చూశానా, నిజంగా చూశానా అని ఇప్పుడు నాకే అనుమానం వస్తుంది.

నిజంగానే చూశాను. దాన్ని పడుగు చాచడం అంటారు. మగ్గం ఎక్కించే ముందు నిలువు పోగులన్నిటినీ బారుగా చాచి, కత్తెరలా కట్టిన కర్రల మీద నిలిపి, గంజి పట్టించి, ఆరేలోపు దువ్వాలి. గంజి పట్టని పోగు మగ్గం దెబ్బకు నిలవదు. అంత బారు ఏ ఇంట్లోనూ ఉండదు. అందుకని నేతగాళ్ళకు వీధి అంటే నడిచే దారి మాత్రమే కాదు, ఇంట్లో మగ్గం ఎంతో బయట వీధీ అంతే. ఎండెక్కాక చేస్తే గంజి గట్టిపడి పోగులు ఒకదానికొకటి అంటుకుపోతాయి కాబట్టి తెల్లవారుజామునే చెయ్యాలి.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తలో నేను ఆ వాడకు వెళ్ళాను, ఒక చిన్న కళా మండలికి నిర్వాహకుడిగా. మండలికి అధ్యక్షుడు ఊళ్ళో పేరున్న వకీలు. పాటా దరువూ నేర్పడానికి ఒక హార్మోనియం మాస్టారు. ఈ ఇద్దరూ పోట్లాడుకోకుండా చూడటానికి నేను. మిల్లు బట్ట వచ్చి వాడ చితికిపోయింది. సగం ఇళ్ళకు తాళాలు. షోలాపూర్ మిల్లుల్లో పనికి కుటుంబాలు కుటుంబాలే తరలిపోతున్నాయి. నాటకాలు, భజనలు, కోలాటాలు, గోడల మీద బొమ్మలు, వీటితో జనాన్ని కూడగట్టి, ఊరి చూపు ఆ వాడ మీద పడేట్టు చేసి, దాన్ని మళ్ళీ నిలబెట్టాలని మండలి ఉద్దేశం. ఉద్దేశంలో తప్పేమీ లేదు.

నా గురించి ఒక మాట ఇక్కడే చెప్పాలి. నేనూ నేతగాడి కొడుకునే. దేవరకొండ దగ్గర ఒక ఊళ్ళో మా నాయిన మగ్గం నేసేవాడు. చిన్నప్పుడు గంజి కుండ మోసింది, తెగిన పోగులు అతికింది ఈ చేతులతోనే. బళ్ళో నా పక్కన కూర్చున్న పిల్లలు నా బట్టల్లో గంజి వాసన వస్తుందని జరిగి కూర్చునేవాళ్ళు. హైదరాబాద్‌లో హాస్టల్లో చేరాక ఆ వాసనను వదిలించుకున్నాను. దానితో పాటు చాలా వదిలించుకున్నాను. నల్లగొండలో నన్ను ఎవరూ అడగలేదు. తెల్లటి లాల్చీ, కళ్ళద్దాలు చూసి ఎవరో కచ్చేరీ ఉద్యోగి కొడుకని అనుకున్నారు. నేను కాదనలేదు.

మొదటి ఏడు బాగా గడిచింది. మూసిన ఇళ్ళ గోడలకు సున్నం కొట్టి వాటి మీద నెమళ్ళు, ఏనుగులు, ఎన్నడూ చూడని ఓడలు వేశాం. సాయంత్రాలు వీధిలో చాపలు పరిచి పాటలు నేర్పేవాళ్ళం. ఊళ్ళో నుంచి జనం రావడం మొదలైంది. మలుపులో ఒకాయన చాయ్ దుకాణం పెట్టాడు. మా నాటకాల్లో రాజు వేషం వేసేవాడు వాడలోని ఒక నేతగాడు. ముప్పై దాటని మనిషి, గొంతెత్తితే వీధి చివరి ఇంట్లో దీపం కదిలేదని చెప్పుకునేవాళ్ళు. అందరూ అతణ్ణి రాజు అనే పిలిచేవాళ్ళు కాబట్టి నేనూ అలాగే రాస్తాను. అతని తల్లిని వాడంతా అవ్వ అనేది. ఎవరి పడుగైనా అవ్వ వచ్చి ఒకసారి చేత్తో నిమిరితే గానీ మగ్గం ఎక్కించేవాళ్ళు కాదు.

ఒక సాయంత్రం గుర్తుంది. మాస్టారు హార్మోనియం ఆపేసి రాజు వైపు చూశాడు.

"రాజావారూ, మీ రాజ్యంల ఒక దరువు తప్పిపోయింది. జర ఎతికి పట్టుకొస్తరా?"

"రాజ్యం పాడుగాను మాస్టరూ! పొద్దంత మగ్గం తొక్కి తొక్కి కాళ్ళు మొద్దువడ్డయ్. ఇంక దరువేడ తెలుస్తది?"

"మగ్గం తొక్కెటోనికి దరువు తెల్వకపోతే ఇంకెవనికి తెలుస్తదయ్యా? నీ కాళ్ళు మంచిగనే ఉన్నయ్, నీ మనసే చాయ్ దుక్నం కాడ ఉన్నది."

గడపలో కూర్చుని నూలు కండెలు చుడుతున్న అవ్వ తల ఎత్తకుండానే అంది, "మా వాని కాళ్ళను అనకు మాస్టరూ. నీ పెట్టెనే దమ్మాడక మూలుగుతాంది. దానికింత కషాయం పొయ్యి."

వీధంతా నవ్వింది. అందరికన్న ఎక్కువ మాస్టారే నవ్వాడు. అలాంటి సాయంత్రాలు చాలా ఉండేవి. అప్పుడే ఆగిపోయి ఉంటే బాగుండేది.

వకీలు గారికి పక్కా స్టేజీ మీద మనసు పడింది. "గిట్ల మట్టిల నిలవడి ఎన్ని రోజులు ఆడ్తరు భాయ్? రేపు హైదరాబాద్ నుంచి పెద్ద ఆఫీసర్లు వస్తరు. వాళ్ళను చాపల మీద కూసోవెడ్తమా? మండలికి జర ఇజ్జత్ ఉండాలె గదా" అన్నారు. నాకూ నచ్చింది. రాళ్ళు, సున్నం, పైకప్పు, వెనక గది, ముందు మెట్లు, పక్కన శిలాఫలకం. ఆ ఫలకం మీద చివరి వరసలో నా పేరు. కాగితం మీద గీసుకుని దాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

జాగా ఎక్కడ? వీధి నట్టనడుమ కొంచెం వెడల్పుగా ఉండేది. అందరికీ కనబడేది అక్కడే. అక్కడ కడితే వీధి రెండు ముక్కలవుతుంది. ఏ ముక్కలోనూ పడుగు పట్టదు. ఈ సంగతి వకీలు గారికి తెలియదు, మాస్టారికి తెలియదు. నాకు తెలుసు. గీస్తున్నప్పుడే తెలుసు.

మీరు నన్ను తెలివితక్కువవాడు అనుకుంటే నాకు తేలికగా ఉండేది. అంతకన్న చెడ్డ కారణం చెప్పాలి. మగ్గం ఎలాగూ పోతుందని నేను నమ్మాను. పోవాలని కూడా కోరుకున్నాను. మా నాయిన దగ్గును, నా గోళ్ళ సందుల్లోని గంజిని, బళ్ళో జరిగి కూర్చున్న ఆ పిల్లలను, అన్నిటినీ ఆ వేదిక కింద పూడ్చి పెట్టవచ్చని నాలో ఏదో మూల అనిపించింది. నాలాగే వీళ్ళు కూడా బయటపడితే మంచిదే కదా అనుకున్నాను. వాళ్ళను అడగలేదు.

అయినా వాడవాళ్ళను కూర్చోబెట్టి చెప్పాలి కాబట్టి ఒక ఆదివారం కూర్చోబెట్టాం. వకీలు గారు మంచి మాటలు చెప్పారు. మన వాడకు పేరొస్తుంది, పేరొస్తే బేరమొస్తుంది అన్నారు. జనం తలలూపారు. వాళ్ళకూ ముచ్చటగానే ఉంది. తమ వీధిలో పక్కా స్టేజీ అంటే ఎవరికి ఉండదు? అప్పుడు అవ్వ వెనక నుంచి లేచి నిలబడింది.

"అంతా మంచిగనే ఉన్నది సారూ. గని మరి పడుగు ఏడ సాపాలె?"

అందరూ నా వైపు తిరిగారు. నేను కళ్ళద్దాలు తీసి లాల్చీ అంచుతో తుడుచుకున్నాను.

"పడుగంటే ఏమిటి అవ్వా?" అన్నాను.

జనం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. తర్వాత నవ్వులే నవ్వులు. "సారుకు పడుగంటే ఎరుక లేదురో!" అని ఎవరో అరిచారు. "పొద్దుగాల లేస్తే గద ఎరుకుండేది" అని ఇంకొకరు. ఆడవాళ్ళు కొంగులు అడ్డం పెట్టుకుని నవ్వారు. రాజు లేచి, చేతులు చాచి, ఎంతో ఓపికగా నాకు పడుగంటే ఏమిటో వివరించాడు. నేను కొత్తగా వింటున్నవాడిలా తలూపాను. వాళ్ళు నా మీద జాలిపడ్డారు. తెలియనివాడి మీద ఎవరికీ కోపం రాదు. నాకు అదే కావాలి.

"వాడ దాటినాక గుట్ట దిక్కు అంత బయలు ఉంది కదా. అక్కడ గాలీ వెలుతురూ ఎక్కువే. అక్కడ చాచుకుంటే ఏం?" అన్నాను.

అవ్వ నన్ను కాసేపు చూసి కూర్చుంది. "సదువుకున్నోడు చెప్తాండు. సూద్దాం తియ్యి" అంది.

వేదిక కట్టడానికి రాళ్ళు మోసింది వాడవాళ్ళే. పాటలు పాడుతూ మోశారు. ఆ పాటలు నేర్పింది మా మండలే. వానలు వెళ్ళేసరికి గోడలు లేచాయి. పడుగులు బయలుకు వెళ్ళిపోయాయి. పొద్దున్నే కర్రలు, కుండలు, కుంచెలు, పిల్లలు, అన్నీ మోసుకుని అంత దూరం నడవాలి. గాలి ఎక్కువై పోగులు చెదిరేవి. దుమ్ము లేచి గంజిలో పడేది. ముసలివాళ్ళు అంత దూరం నడవలేక మానుకున్నారు. వాళ్ళ మగ్గాలు కూడా ఆగాయి. అయినా నన్ను ఎవరూ నిందించలేదు. "సారుకేం ఎరుక పాపం, మనమే గట్టిగ చెప్పకపోతిమి" అనుకునేవాళ్ళు. ఒకరోజు రాజు నా ముందరే ఆ మాట అన్నాడు. తప్పు తమదేనని నాకు క్షమాపణ చెప్పినట్టు చెప్పాడు. నేను "ఫరవాలేదు" అన్నాను. ఆ ఒక్క మాట తలుచుకుంటే ఇప్పటికీ ఒంటరిగా ఉన్నప్పుడు నా ముఖం వేడెక్కుతుంది.

ఆ చలికాలం రాజు ఇంట్లో ఒక తర్జనభర్జన నడుస్తోంది. షోలాపూర్‌లో ఉన్న అతని బావమరిది రమ్మని పిలుస్తున్నాడు. మిల్లులో పని, కిరాయికి ఒక గది. అతని భార్య పోదామంటోంది. అవ్వ వద్దంటోంది. రాజు ఎటూ చెప్పలేక ఉన్నాడు. ఆ మధ్య బయల్లో చాచిన పడుగుతో అతను నేసిన బట్ట సరిగా రాలేదని నేత సొసైటీవాళ్ళు నూలు ఇవ్వడం ఆపేశారు. చాలా తిరిగాక ఒక పడుగుకు సరిపడా ఎర్ర నూలు ఇచ్చి, ఇది చీరలై వస్తేనే మళ్ళీ ఇస్తామన్నారు.

"గీ చీరలు గట్టెక్కితే ఈడనే ఉంట సారూ" అని నాతో అన్నాడు. "ఆడికి పోతే ఏమున్నది? మిషిన్ల చప్పుడుల నా పాట నాకే వినవడదట."

అతను ఉంటే మా నాటకం ఉంటుంది. కాబట్టి ఆ చీరలు గట్టెక్కాలని నేనూ కోరుకున్నాను. కోరుకోవడం వరకే.

వేదిక ప్రారంభం రోజు వచ్చింది. సాయంత్రం అధికారులు వస్తారు. మాస్టారు పొద్దున్నే అందరూ వేషాలు కట్టుకుని ఒకసారి నాటకమంతా ఆడి చూడాలన్నాడు. ముందు రోజు రాజు వచ్చి తల గోక్కుంటూ నిలబడ్డాడు.

"రేపు పొద్దుగాల పడుగు ఉన్నది సారూ. నూలు నానవెట్టుడు అయిపాయె. ఇంక ఆగితే పాడైతది."

"అవ్వ ఉంది కదా, నీ భార్య ఉంది కదా. వాళ్ళు చూసుకోరా? నువ్వు లేకుండా నాటకం ఎట్లా?"

"ఇంకిద్దరు ముగ్గురన్న ఉండాలె. మొగోళ్ళందరినీ మీరు తోరణాలకు పిలిస్తిరి."

"ఒక్క పూటే కదా" అన్నాను. అతను తలూపి వెళ్ళాడు.

మరునాడు మంచు మరీ దట్టంగా ఉంది. వేదిక మీద నిలబడితే కింద వీధి కనిపించలేదు. మామిడాకులు కడుతున్న వాళ్ళ తలలు మాత్రం అక్కడక్కడ తేలుతున్నాయి. రాజు ముఖానికి వేషం రంగు, పచ్చటి అర్దళం, రాసుకున్నాడు. కనుబొమ ఒకటే దిద్దారు, రెండోది ఇంకా దిద్దలేదు. అట్ట కిరీటం పెట్టుకుని మొదటి పాట ఎత్తుకున్నాడు. గొంతు మంచులో పడి మెత్తగా తిరిగి వస్తోంది. నేను కళ్ళు మూసుకుని విన్నాను. జీవితంలో అంత హాయిగా ఉన్న ఉదయాలు నాకు ఎక్కువ లేవు. ఆ హాయిలోనే గుట్ట దిక్కు నుంచి అవ్వ అరుపు వినిపించింది. ఒక్క మాటే. "మేకలు!"

రాజు పాట మధ్యలో వదిలి వేదిక మీద నుంచి దూకాడు. అందరం పరుగెత్తాం.

ఆ బయలు గొల్లవాళ్ళు మందలను గుట్ట మీదికి తోలుకుపోయే దారి. ఎన్నేళ్ళ నుంచో వాళ్ళ దారి. ఆ పొద్దు మంచులో మందను తోలుతున్నవాడికి పడుగు కనిపించలేదు. మేకలకు గంజి వాసన మాత్రం తగిలింది. మేము వెళ్ళేసరికి మంద మందంతా పడుగులోకి చొరబడింది. పోగులు నాకేవి నాకుతున్నాయి, నమిలేవి నములుతున్నాయి, కొమ్ములకు చిక్కి గుంజేవి గుంజుతున్నాయి. తెల్లటి మంచులో ఎర్రటి పోగులు మెడలకు చుట్టుకుని నల్ల మేకలు అటూ ఇటూ గంతులేస్తున్నాయి. వాటి మధ్య పచ్చటి ముఖంతో, ఒకటే కనుబొమతో, కిరీటం పెట్టుకున్న రాజు "హేయ్, హేయ్" అంటూ చేతులు ఊపుతూ తిరుగుతున్నాడు. నాకు కలలో ఇప్పటికీ ఆ రాజు వస్తాడు. కలలో చప్పుడు ఉండదు.

గొల్లాయన కట్టె పట్టుకుని ఏడుపు ముఖంతో అరుస్తున్నాడు. "నేనేం జెయ్యాలె అవ్వా! గంజి వాసనకు ఆగుతయా గివి? మీరు మా బాటల ఎందుకు సాపిండ్రు?"

"ఎందుకు సాపినమో మా సారునడుగు" అంది రాజు భార్య. ఆమె ఏడవడం లేదు. పోగుల కిందికి దూరి ఒక మేక కాలు విడిపిస్తోంది.

మేకలు వెళ్ళిపోయాయి. సగం పోగులు తెగాయి. గంజి ఇంకా తడిగానే ఉంది. ఎండ వచ్చేలోపు తెగినవి అతికి దువ్వగలిగితే కొంతన్నా దక్కుతుంది. అవ్వ గొంతెత్తి, "చేతులున్నోళ్ళందరు రాండ్రి!" అంది. తోరణాలు కట్టే మొగవాళ్ళు వచ్చారు. పిల్లలు వచ్చారు. నేనూ పడుగు పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాను.

అక్కడ నేనేం ఆలోచించానో నాకు తెలియదు. ఆలోచించినట్టు గుర్తు లేదు. తెగిన రెండు కొసలు దొరికాయి. వాటిని పక్కపక్కన పెట్టి, కొంచెం గంజి అద్ది, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య ఒక్కసారి రాసి వదిలాను. అతికింది. తర్వాతది. ఆ తర్వాతది. నా వేళ్ళు నాకన్న ముందు పోతున్నాయి. ఇన్నేళ్ళు ఎక్కడున్నాయో తెలియని వేళ్ళు. కాసేపటికి నా పక్కన కుంచెలు ఆగాయని గమనించాను. తల ఎత్తాను. అవ్వ నా చేతుల వైపే చూస్తోంది.

"పడుగంటే ఏందని అడిగిన చెయ్యేనా గిది?" అంది.

నేను ఇంకో రెండు కొసలు అందుకున్నాను.

"మీ ఇంట్ల మగ్గం ఉండెనా?"

"ఉండె అవ్వా." ఎన్నో ఏళ్ళ తర్వాత మా ఊరి మాట నా నోట్లో నుంచి వచ్చింది. "మా నాయిన నేసెటోడు."

"అయితే తెలిసే కట్టినవా?"

ఇంతలో వెలుగు పెరిగింది. మంచు పలచబడి ఒకరి ముఖాలు ఒకరికి కనబడుతున్నాయి. అందరూ విన్నారు. రాజు కిరీటం తీసి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు.

"తెలిసే" అన్నాను.

అవ్వ కుంచె అందుకుంది. మళ్ళీ పోగుల మీదికి వంగింది. "సూసుకుంట కూసుంటే పోగులు అతుకుతయా? కానియ్యుండ్రి" అంది అందరితో. నాతో కూడా. నేను ఎండెక్కేదాకా అతికాను. కానీ ఎండ మా కన్న తొందరగా వచ్చింది. గంజి బిగిసింది. సగానికి పైగా పోగులు ఉండలు కట్టి తాళ్ళలా అయిపోయాయి. అవ్వ ఈ కొసనుంచి ఆ కొసదాకా ఒకసారి చేత్తో నిమిరి, చెయ్యి తీసేసి, కుంచె కింద పెట్టింది. అంతటితో అయిపోయిందని అందరికీ అర్థమైంది.

నేను నేరుగా వకీలు గారి ఇంటికి వెళ్ళాను. ప్రారంభం ఆపుదాం, వేదిక అక్కడి నుంచి తీసేద్దాం అన్నాను. ఆయన నా గంజి చేతుల వైపు చూసి రెండడుగులు వెనక్కి వేశారు.

"నీకు దిమాగ్ ఖరాబ్ అయిందా? పొద్దుగూకితే ఆఫీసర్లు వస్తున్నరు. ఇయ్యాల గాదు. ఇంకో రోజు మాట్లాడుదాం."

నేను వెనక్కి తిరిగాను. ఆ రోజు ఆ గుమ్మం ముందు కాళ్ళు ఆనించి నిలబడి ఉండవచ్చు. నిలబడలేదు. ఇంటికి పోయి చేతులు కడుక్కుని కొత్త లాల్చీ వేసుకున్నాను. సాయంత్రం రిబ్బను కట్ చేశారు. పెద్ద అధికారి మెచ్చుకున్నాడు. రాజు వస్తాడని నేను అనుకోలేదు. వచ్చాడు. రెండు కనుబొమలూ దిద్దుకుని వచ్చాడు. "మాట ఇచ్చిన గద" అన్నాడు, నా వైపు చూడకుండా. ఆ సాయంత్రం అతను పాడినట్టు ఎన్నడూ పాడలేదు. వాడవాళ్ళు చాలామంది రాలేదు. వచ్చినవాళ్ళు చప్పట్లు కొట్టలేదు. ముందు వరస కొట్టింది.

రెండు రోజులు ఆ ఇంటికి వెళ్ళడానికి నాకు ధైర్యం చాలలేదు. వెళ్ళేసరికి మగ్గం విప్పేసి ఉంది. మగ్గం ఉన్న గుంత మాత్రం మిగిలింది. రాజు తాళ్ళతో మూటలు బిగిస్తున్నాడు. అవ్వ గుంత అంచున కాళ్ళు లోపలికి వేసి కూర్చుంది.

"పోకుండ్రి అవ్వా" అన్నాను. "స్టేజీ పగలగొట్టిస్త. సొసైటీవాళ్ళ కాళ్ళు పట్టుకోని మళ్ళ నూలు తెస్త."

"మేం ఆగుతమని పగలగొట్టకు బిడ్డా. మేం ఆగం. కోడలి మాటకు ఒప్పుకున్న నేను." ఆమె నన్ను బిడ్డా అనడం అదే మొదలు. "నీ మీద కోపం లేదంటే అబద్ధం. తెల్వనోడు కడితే మన కర్మ అనుకుందుము. నువ్వు మా నోళ్ళతోనే మమ్ముల తిట్టుకునేటట్టు జేస్తివి. మాదే తప్పు, మాదే తప్పు అని రాళ్ళు మోస్తిమి."

రాజు మూట ముడి వేస్తూ, "పోనియ్యే అవ్వా" అన్నాడు మెల్లగా.

"పోనియ్యక ఏంజేస్తున్న? పోతనే ఉన్నం గద." ఆమె లేవబోయి మళ్ళీ కూర్చుంది. "ఈడ ఉన్నోళ్ళ కోసం పగలగొట్టు. చెయ్యాలనుంటే గది చెయ్యి."

మరునాడు పొద్దున గడ్డపార తీసుకుని వేదిక ఎక్కాను. వకీలు గారు మనిషిని పంపారు, ఉద్యోగం పోతుందని. పోనిమ్మన్నాను. అప్పటికైనా ఆ మాట వచ్చింది. మొదటి రోజు నా పక్కకు ఎవరూ రాలేదు. గడపల్లో నిలబడి చూశారు. సర్కారు మనుషులు వచ్చి తెరిచిన కట్టడం, చెయ్యి వేస్తే ఏమవుతుందోనని భయం. పైగా ఈ మనిషి మాట నమ్మవచ్చా లేదా అని. నాకు రాళ్ళు పగలగొట్టే అలవాటు లేదు. అరచేతులు బొబ్బలెక్కాయి. సాయంత్రానికి హార్మోనియం మాస్టారు తట్ట పట్టుకుని వచ్చాడు. వకీలు గారు ఆయన జీతం కూడా ఆపేశారు అప్పటికి.

"దరువు తప్పుతున్నవు" అన్నాడు నా దెబ్బలు కాసేపు విని. "గడ్డపార గట్లనా ఏసేది? జరుగు."

కొన్ని రోజులు పట్టింది. ముందు కప్పు, తర్వాత గోడలు, చివరికి అరుగు. శిలాఫలకాన్ని మాస్టారు బోర్లా తిప్పి, చాయ్ దుకాణం ముందు కూర్చోవడానికి వేశాడు. రాళ్ళు తీసి నేల చదును చేసిన రోజునే రాజు కుటుంబం బయలుదేరింది. వాళ్ళు ముందు హైదరాబాద్ బస్సు ఎక్కాలి. వాడంతా వీధిలోకి వచ్చింది. ఆడవాళ్ళు రాజు భార్యను పట్టుకుని ఏడ్చారు. రాజు నా దగ్గరకు వచ్చి, నా బొబ్బల చేతులు చూసి, భుజం మీద మూట సర్దుకున్నాడు. నేను అనవలసిన మాట ఒకటి ఉంది. దాన్ని తర్వాత షోలాపూర్‌కు రెండు సార్లు వెళ్ళి కూడా అనలేకపోయాను. మొదటిసారి ఇల్లు దొరకలేదు. రెండోసారి దొరికింది కానీ రాజు పనిలో ఉన్నాడు, అవ్వ అప్పటికే ఈ లోకంలో లేదు.

బయలుదేరే ముందు అవ్వ చదును చేసిన నేల మీద నిలబడి ఈ కొసకూ ఆ కొసకూ చూసింది. వీధి మళ్ళీ ఒక్కటే అయింది. తర్వాత వాడవాళ్ళ వైపు తిరిగి, నన్ను చేత్తో చూపించింది.

"గీ సారు మనోడే. చెయ్యి వస్తది. పని చెప్పుండ్రి" అంది. ఇంక వెనక్కి తిరగకుండా నడిచింది.

నాకు ఉద్యోగం లేదు, ఊళ్ళో గది కిరాయి ఇవ్వలేక వాడలోనే ఒక మూసిన ఇంట్లో ఉంటున్నాను. ఆ మరునాడు ఇంకా చీకటి పలచబడుతుండగా తలుపు చప్పుడైంది. అంతకు ముందు ఆ వాడలో ఎవరి తలుపైనా కొట్టింది నేనే. పాటకు రండి, నాటకానికి రండి, మీటింగుకు రండి అని. నా తలుపు ఎవరూ కొట్టలేదు. తీస్తే పక్కింటి ఆడమనిషి గంజి కుండ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె వెనక మంచులో ఎవరో కర్రలు పాతుతున్న చప్పుడు.

"పడుగు సాపుతున్నం" అంది. సారూ అనలేదు. "ఆ కొసకు మనిషి లేడు. వస్తవా?"

నేను లాల్చీ విప్పి చిలక్కొయ్యకు తగిలించి, ఆమె వెనక నడిచాను.